పియానో దెబ్బ, బొబ్బిలి వీణ నాదం: మూడో నెల

కీ నొక్కగానే పియానో పలకాలి, అది తగ్గుతుండగా వీణ అందుకోవాలి. మూడు నెలలుగా నేను తయారుచేస్తున్న శాంపిల్ వాద్యం, అంటే రికార్డు చేసిన శబ్దాలతో కీబోర్డు మీద పలికే వాద్యం, ఇదే. పద్ధతి పాతదే. 1987లో వచ్చిన రోలాండ్ డి-50 అనే ఎలక్ట్రానిక్ కీబోర్డులో, మెమరీ ఖరీదైన రోజులు కాబట్టి, మొదటి దెబ్బకు మాత్రం నిజం శబ్దం రికార్డు చేసి పెట్టి మిగతాది సింథసైజర్‌తో నడిపించారు. నాకు మెమరీ ఇబ్బంది లేదు. ఆ అతుకు దగ్గర పుట్టే కొత్త గొంతు కావాలి.

పియానో సంగతి ముందు. విజయనగరంలో మాకు తెలిసిన చర్చిలో పాత అప్‌రైట్ (నిలువు పెట్టె) పియానో ఉంది. రాత్రి పదకొండు దాటాక వాడుకోమని పాస్టర్‌గారు తాళం ఇచ్చారు. 88 కీలలో మూడింటికొకటి చొప్పున 30 స్వరాలు, ఒక్కోటి నాలుగు బలాల్లో, రెండేసి సార్లు. మొత్తం 240 శాంపిల్స్. శబ్దం పూర్తిగా ఆగేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. అంతా కలిపి 48 నిమిషాలు, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోలో సుమారు 830 ఎంబీ. మన ఊరు హౌరా-చెన్నై లైను మీద ఉంది కదా, గూడ్సు వెళ్తే నేల అదురు మైకులోకి వచ్చేస్తుంది. బండి దాటేదాకా ఆగి మళ్ళీ మొదలు.

మొదటి రాత్రి పని మొత్తం పోయింది. రికార్డర్‌ని గోడ ప్లగ్గుకి పెట్టాను, 50 హెర్ట్జ్ కరెంటు గుర్రు కూడా ఎక్కింది. దాన్ని ఫిల్టర్‌తో కోసేద్దామంటే, పియానో కింది సప్తకంలో జి స్వరం 49 హెర్ట్జ్ దగ్గరే ఉంది. గుర్రుతో పాటు ఆ స్వరం కూడా పోతుంది. బ్యాటరీలు వేసి మళ్ళీ చేశాను. ఈ పని మొదలుపెట్టేవాళ్ళు బ్యాటరీతోనే మొదలుపెట్టండి.

వీణ మా పిన్నిది. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఒకే పనస దుంగని తొలిచి చేసినది. పిన్ని ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో నేర్చుకుంది. నేను మీటు పడిన క్షణం నుంచి కత్తిరించి పియానో కింద పెట్టి వినిపించాను. రెండు వాద్యాలు పక్కపక్కన కూర్చుని ఎవరి పాట వాళ్ళు పాడినట్టుంది.

"నువ్వు పట్టుకున్నది గోరు చప్పుడురా బాబూ. నాదం తర్వాత వస్తాది," అంది పిన్ని.

ఆ మాటతో పని మలుపు తిరిగింది. వీణ గుర్రం (తీగలు ఆనే దిమ్మ) మీద వంపుగా ఉన్న లోహపు రేకుని తీగ తాకుతూ విడుస్తూ ఉంటుంది, అందుకే మీటిన తర్వాత కూడా పై హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై కంపనాలు) బతికి ఉంటాయి. సి.వి. రామన్ 1921లో తంబుర, వీణల మీద రాసిన పత్రంలో ఈ గుర్రం సంగతే చెప్పారు. పియానో నడక వేరు. ఒక్కో స్వరానికి మూడేసి తీగలున్న చోట శబ్దం మొదట గబగబా పడిపోతుంది, తర్వాత నెమ్మదిగా సాగుతుంది. వీణ వచ్చి కలవాల్సింది సరిగ్గా శబ్దం అలా నెమ్మదించే చోట. ఇన్నాళ్ళూ ఆ కలిసే సమయం అన్ని స్వరాలకూ 60 మిల్లీసెకన్లని పెట్టుకున్నాను, అదే తప్పు.

ఇప్పుడు వీణ శాంపిల్‌లో మొదటి 150 మిల్లీసెకన్లు తీసేస్తున్నాను. మధ్య సి దగ్గర 0.4 సెకన్ల ఆలస్యంతో మొదలై మరో 0.8 సెకన్లలో నిండుగా వస్తుంది. కింది స్వరాల్లో ఇంకా నిదానం, పైన త్వరగా. ఏ కీకి ఏ శాంపిల్ ఎలా పలకాలో చెప్పే ఎస్‌ఎఫ్‌జెడ్ ఫైల్లో ఒక్కో స్వరాల గుంపుకి విడిగా రాయాలి, విసుగు పనే, కానీ చెవికి తేడా వెంటనే తెలుస్తుంది.

ఇంకో చిక్కు మిగిలింది. రెండింటి మూల స్వరాలు కలిసినప్పుడు ఒక కీ బరువుగా, పక్క కీ బోలుగా వినపడేది. ఫేజ్ తేడా, అంటే రెండు శబ్దాల అలలు ఒకచోట కలిసి పెరిగి, ఇంకోచోట ఎదురుపడి తగ్గిపోవడం. శ్రుతి ఎంత సరిచేసినా పోలేదు. చివరికి వీణ మూల స్వరాన్నే హైపాస్ ఫిల్టర్‌తో (కింది శబ్దాన్ని తగ్గించి పైదాన్ని వదిలేది) తగ్గించి, ఆ ఫిల్టర్ కీతో పాటు పైకి జరిగేలా పెట్టాను. పునాది పియానోది, పైమెరుపు వీణది. బోలు పోయింది. ఆ రాత్రి రెండు గంటలు ఒక్క స్వరాన్నే నొక్కుతూ కూర్చున్నాను, అంత బాగుంది.

శ్రుతి విషయంలో పియానోని కదపలేదు. అది ఎ స్వరానికి మామూలుగా పెట్టే 440 హెర్ట్జ్ శ్రుతి కంటే 12 సెంట్లు (సెంటు అంటే పక్కపక్క కీల తేడాలో నూరోవంతు) కిందకి దిగి ఉంది. వీణ శాంపిల్స్‌నే ఒక్కొక్కటిగా దానికి సరిపెట్టాను.

వీణకి మూడున్నర స్థాయిలే. దాని అంచులు దాటి మూడు సెమీటోన్ల (మూడు కీల) కంటే ఎక్కువ సాగదీస్తే రబ్బరులా పలుకుతుంది, అందుకని ఆ కీలలో పియానోనే వదిలేశాను. మారే చోట ఐదు కీల మేర వీణని మెల్లగా తగ్గిస్తున్నాను, ఇంకా పూర్తిగా కుదరలేదు. వచ్చే ఆదివారం పిన్ని మంద్రం తీగ కొత్తది వేయిస్తానంది. ఆ స్వరాలు మళ్ళీ రికార్డు చేయాలి.