మంగళవారం, కొలజాడీ ముందు

పొద్దున ఎనిమిదిన్నరకు మా మురుగునీటి శుద్ధి కేంద్రంలో సూక్ష్మజీవులకు గాలి అందించే ఏరేషన్ ట్యాంకు నుంచి తెచ్చిన నీటిని లీటరు కొలజాడీలో పోసి, గడియారం చూసుకుంటూ కూర్చున్నాను. మొదట అంతా చిక్కటి గోధుమరంగే. కాసేపటికి నలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని, దూదిపింజల్లా పెరిగి, నెమ్మదిగా కిందికి జారసాగాయి. అరగంటకు బురద 270 మిల్లీలీటర్ల గీత దగ్గర నిలిచింది, పైనున్న నీటిలోంచి వెనకాల గోడమీది క్యాలెండరు అంకెలు కనిపించాయి. ఘనపదార్థం లీటరుకు 3,000 మిల్లీగ్రాములు కనుక, ఒక గ్రాము బురద దిగాక ఎన్ని మిల్లీలీటర్లు ఆక్రమిస్తుందో చెప్పే సూచిక 90 వచ్చింది. నాకు తృప్తినిచ్చే అంకె.

విడివిడిగా ఉంటే బాక్టీరియా ఇంత త్వరగా అడుగుకు చేరవు. అవి తమ చుట్టూ స్రవించుకునే జిగురే వాటిని గుంపుగా కడుతుంది, ఆ జిగురులో సాధారణంగా ప్రోటీన్లదే పెద్ద వాటా. ఆ ప్రోటీన్‌నే ఈరోజు, నీలిరంగు ఎంత చిక్కగా వస్తుందో చూసి లెక్కకట్టే లౌరీ పద్ధతిలో కొలిచాను. 1951 నాటి పద్ధతి అయినా ఇప్పటికీ చేతికి అలవాటైనది ఇదే. రంగు తెప్పించే ఫోలిన్ ద్రావణం క్షారంలో పడగానే చెడిపోవడం మొదలవుతుంది కాబట్టి, చుక్క పడిన మరుక్షణమే కలపాలి. ఫోను మోగి నేను తల తిప్పిన ఆ ఒక్క క్షణానికి మూడో గొట్టం మిగతావాటికంటే పాలిపోయింది, దాన్ని పారబోసి మళ్లీ చేశాను. బురదలోని హ్యూమిక్ ఆమ్లాలు కూడా నీలిరంగునే ఇస్తాయి, అందుకని ప్రోటీన్ రంగును పెంచే రాగి లేకుండా ఇంకోసారి చేసి ఆ వాటాను తీసివేశాను.

మధ్యాహ్నం, బురదను కుళ్లబెట్టే డైజెస్టరు వైపు వెళ్లేసరికి, "మేడం, ఇవాళ ఘాటు ఎక్కువగా ఉంది," అన్నారు ఆపరేటరు. ఆ ఘాటు పొద్దున చూసిన జిగురుదీ, దాన్ని అల్లిన కణాలదీ. గాలి తగలని ఆ తొట్టిలో ప్రోటీన్లు అమైనో ఆమ్లాలుగా తెగుతాయి. క్లాస్ట్రిడియం జాతి బాక్టీరియా కొన్ని వాటిని జంటలుగా తీసుకుని, ఒకదాని ఎలక్ట్రాన్లను మరొకదానికి అందిస్తూ బతుకుతాయి. 1934లో స్టిక్‌లాండ్ అనే శాస్త్రవేత్త గుర్తించిన చర్య ఇది. నత్రజని మాత్రం అమ్మోనియాగా మిగులుతుంది. కణానికి మేము లెక్కల్లో వాడే సూత్రం ప్రకారం 113 గ్రాముల కణపదార్థంలో 14 గ్రాములు నత్రజనే.

బురదను పిండగా వచ్చిన నీటితో ఆ అమ్మోనియా తిరిగి మొదటి ట్యాంకుకే చేరుతుంది, అక్కడి సూక్ష్మజీవులు మళ్లీ ఆ భారం మోయాలి. దాన్ని కొలవకుండా శుద్ధి ఇంత జరిగిందని రాయడం నాకు సరికాదనిపిస్తుంది. సాయంత్రం రిజిస్టరులో ఆ నీటికి వేరే గడి గీసి, రేపటి నమూనా కోసం సీసా కడిగి ఆరబెట్టి వచ్చాను.