తూర్పున సూర్యుడు, పడమట మెట్లు

గుడి ఫొటో అంటే పొద్దున్నే తీయాలని నాకో గట్టి నమ్మకం. మన గుళ్లు చాలావరకు తూర్పు ముఖంగా ఉంటాయి కదా, తొలి ఎండ నేరుగా గోపురం మీద పడుతుంది. ఆ అలవాటుతోనే మెక్సికో సిటీలో చీకటితో లేచి, ఉత్తరం వైపు బస్టాండుకెళ్లి, 'పిరామిదెస్' అని బోర్డున్న బస్సెక్కాం, నేనూ మా బావా. అమెరికా వీసా ఉంది కాబట్టి మెక్సికోకి వేరే వీసా గొడవ లేదు. పిరమిడ్లున్న ప్రాచీన నగరం తెయోతివాకాన్ అక్కడ్నించి 50 కిలోమీటర్లు, గంట ప్రయాణం.

గేటు దగ్గర నా ట్రైపాడ్ ఆపేశారు. అక్కడ దాన్ని ప్రొఫెషనల్ సామాను కింద లెక్కేస్తారు, ముందే అనుమతి తీసుకోవాలి. అది కనుక్కోకుండా మోసుకొచ్చింది నేనే. అక్కడే వదిలేసి లోపలికి నడిచాం.

ఆ నగరం నడిబొడ్డున ఉన్న 'మృతుల వీధి'లో కాస్త దూరం వెళ్లేసరికి సూర్య పిరమిడ్ కనిపించింది. సుమారు 65 మీటర్ల ఎత్తు, అడుగున ఒక్కో వైపూ 220 మీటర్లకు పైనే. కెమెరా ఎత్తి చూస్తే నల్లటి ముద్ద. ఆకాశానికి ఎక్స్‌పోజర్ సరిచేస్తే పిరమిడ్ బొగ్గు, పిరమిడ్‌కి సరిచేస్తే ఆకాశం తెల్ల కాగితం. పావుగంట కుస్తీ పట్టాక బావ అన్నాడు: "ఒరేయ్, సూర్యుడు దాని వెనకాల ఉన్నాడు. ముందు వైపు వెలుగెక్కడ్నించి వస్తుందిరా?"

అప్పుడు వెలిగింది. ఇది పడమటి ముఖం. మెట్లూ అటే. తూర్పు వైపు ఎండ దండిగా ఉంది గానీ, అటు మెట్లు లేవు. చేసేది లేక ఆ నల్లటి ఆకారాన్నే, పైన ఎగురుతున్న రంగురంగుల వేడిగాలి బెలూన్లతో కలిపి నాలుగు తీశాను. బాగానే వచ్చాయి, కాకపోతే అలాంటివి అందరి దగ్గరా ఉంటాయి.

చంద్ర పిరమిడ్ దక్షిణ ముఖం కాబట్టి పొద్దున కూడా పక్క నుంచి వెలుగు అందింది. ఈకల పాము గుడి దగ్గర రాతి తలలు ఇంకా నీడలోనే ఉన్నాయి. వాటి ఎదురుగా తర్వాత మరో కట్టడం కట్టి కప్పేయడం వల్లే అవి అంత చక్కగా నిలిచాయట. మధ్యాహ్నం అంతా నరకం. సముద్ర మట్టానికి 2,300 మీటర్ల ఎత్తు, పేరుకైనా నీడ లేదు. దానికి తోడు బొమ్మల వాళ్లు చిరుత గర్జనలాంటి ఈలలు ఊదుతుంటారు. మొదటిసారి నిజంగానే ఉలిక్కిపడ్డాను.

ఖాళీగా కూర్చోవడం ఒకందుకు మంచిదైంది. పొద్దున వైడ్ లెన్స్‌తో దగ్గర్నుంచి తీసినవి తిరగేస్తే అంత పిరమిడూ మట్టి దిబ్బలా ఉంది. గోడలు ఎలాగూ వెనక్కి వాలి ఉంటాయి, వైడ్ లెన్స్ వాటిని ఇంకా వెనక్కి తోసేస్తుంది. అందుకే వీధి వెంట చాలా దూరం వెనక్కి వెళ్లి 105 ఎంఎం జూమ్‌తో చూశాను. అప్పుడు బరువు తెలిసింది.

నాలుగవుతుండగా ఎండ ఏటవాలుగా పడమటి గోడ మీదికొచ్చింది. జూమ్ చేస్తే రాళ్ల మధ్య సున్నంలో చిన్న చిన్న రాతి ముక్కలు గుచ్చినట్టు కనిపించాయి. అవి తర్వాతి రోజుల్లో బాగు చేసిన చోటని చెప్పే గుర్తులు. 1905-10 మధ్య పురావస్తు శాస్త్రవేత్త లియోపోల్దో బత్రెస్ తవ్వకాల్లో ఈ పిరమిడ్ పైపొర చాలాచోట్ల కొన్ని మీటర్ల మందాన పోయింది. అంటే నేను పొద్దుట్నించీ కాపు కాసిన ఈ గోడంతా అసలు పైముఖం కాదు. ఆ ముక్కలు ఫ్రేములో స్పష్టంగా ఉండేలా ఎఫ్ 8లో పెట్టి తీశాను.

ఇంకా ఏదో తక్కువైంది అనుకుంటుంటే, ఎర్ర గొడుగు పట్టుకుని ఒకావిడ మెట్ల కింద నుంచి నడిచి వెళ్లింది. గోరంత ఉంది ఫ్రేములో. గబగబా ఆరు నొక్కాను.

గేటు దగ్గర ట్రైపాడ్ మాది మాకిచ్చారు. అంత ఎండలో దాని అవసరమే రాలేదు. బస్సులో బావ దాని సంచీని తలకింద పెట్టుకుని సిటీ వచ్చేదాకా నిద్రపోయాడు.