ఓలియర్ ఉన్నవాళ్ల తల సంగతి ఎవరు చూస్తారు?

నాకు ఓలియర్ డిసీజ్ ఉంది. వేళ్ల ఎముకల్లో, ఎడమ తొడ ఎముకలో మృదులాస్థి గడ్డలు, డాక్టర్ల భాషలో ఎన్‌కాండ్రోమాలు. ఉంగరం వేలి కణుపు దగ్గర గోలీ అంత ఉబ్బు ఉంటుంది, ఉంగరం అక్కడిదాకా వచ్చి ఆగిపోతుంది. సుమారు లక్షమందిలో ఒకరికి వచ్చే జబ్బు కాబట్టి డాక్టర్లకే కొత్త, చిన్నప్పటి నుంచీ ఎవరి దగ్గరికి వెళ్లినా ఎక్స్‌రేలు చేతులకీ కాళ్లకే. ఈమధ్య ఒక కొత్త డాక్టరు మాత్రం "ఎప్పుడైనా ఒకటి రెండుగా కనబడిందా?" అని అడిగారు. వేళ్లకీ చూపుకీ ఏం సంబంధం అనుకున్నాను.

సంబంధం ఉంది. పుర్రె పైభాగం పొరలోంచి నేరుగా ఎముకగా మారుతుంది గానీ, అడుగు భాగం చాలావరకు ముందు మృదులాస్థిగా ఉండి తర్వాత గట్టిపడుతుంది. లోపలి చెవిని దాచుకున్న ఎముకా, పుర్రె అడుగున మధ్యలో వాలుగా ఉండే ఎముకా కలిసే అతుకు దగ్గర మనలో కొందరికి కాండ్రోసార్కోమా, అంటే మృదులాస్థి క్యాన్సర్, మొదలవుతుంటుంది. కంటిని బయటి వైపుకి తిప్పే ఆరో నరం సరిగ్గా దాని పక్కనుంచే పోతుంది. గడ్డ దాన్ని నొక్కితే ఆ కన్ను ఆ వైపుకి పూర్తిగా తిరగదు, దూరంగా ఉన్నవి పక్కపక్కన రెండుగా కనబడతాయి, ఒక కన్ను మూసుకుంటే మళ్లీ ఒకటే. కొంతమందికి తలనొప్పి, ఒక చెవి వినికిడి తగ్గడం, ముఖం ఒక పక్క తిమ్మిరి కూడా ఉంటాయి. ఇలాంటప్పుడు "పవర్ మారింది, కొత్త అద్దాలు పెట్టుకోండి" అంటే సరిపెట్టుకోకండి.

కంగారు పెట్టాలని కాదు. 161 మంది ఓలియర్, మఫూచి (ఈ గడ్డలతో పాటు రక్తనాళాల గడ్డలు కూడా ఉండేది) పేషెంట్ల మీద 2011లో వచ్చిన అధ్యయనంలో సుమారు 40 శాతం మందికి ఎక్కడో ఒకచోట కాండ్రోసార్కోమా వచ్చింది, కానీ ఎక్కువగా కాళ్లూ చేతులూ, కటి ఎముకల్లోనే. గడ్డలు చేతివేళ్లకీ పాదాలకీ మాత్రమే ఉంటే రిస్క్ బాగా తక్కువ.

ఓలియర్, మఫూచి రెండిట్లోనూ ఎక్కువమందికి కారణం ఐడీహెచ్1 లేదా ఐడీహెచ్2 జన్యువులో మార్పు, ఇదీ 2011లోనే తేలింది. అది పిండదశలో ఏదో ఒక కణంలో మొదలై, దాని నుంచి వచ్చిన భాగాల్లోనే ఉంటుంది. అందుకే సాధారణంగా అమ్మానాన్నల నుంచి రాదు, రక్తపరీక్షలో చాలాసార్లు దొరకదు కూడా (మా అమ్మ ఇన్నేళ్లూ తన వల్లే అనుకుంది పాపం). మెదడులో వచ్చే గ్లయోమా అనే గడ్డల్లోనూ ఇదే మార్పు కనబడుతుంది, మనకి వాటి రిస్క్ కూడా కాస్త ఎక్కువే.

పుర్రె అడుగున వచ్చే ఈ క్యాన్సర్ ఎక్కువగా నెమ్మదిగా పెరిగే రకం. చాలాసార్లు ముక్కులోంచి ఎండోస్కోప్‌తో తీస్తారు, మిగిలినదానికి ప్రోటాన్ రేడియేషన్ ఇస్తారు, కీమోకి పెద్దగా లొంగదు. త్వరగా దొరికితే నరాలు దెబ్బతినకుండా తీసే అవకాశం ఎక్కువ.

తలకి ఎమ్మారై ఎన్నాళ్లకోసారి అన్నదానికి అందరూ ఒప్పుకున్న లెక్కేం లేదు, మీ డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిందే. నేను మాత్రం ఒకటి తీయించుకున్నాను, ఏమీ లేదు, టెన్షన్ సగం తగ్గింది. మీరూ తీయించుకుంటే రిక్వెస్ట్ కాగితం మీద "తలనొప్పి" అని వదిలేయకుండా ఓలియర్ అనో మఫూచి అనో రాయించండి, పుర్రె అడుగు భాగం ప్రత్యేకంగా చూడమని కూడా.