రాయచూరు అంతర్వేది: కోటల తరువాత కాలువలు

కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది పేరెత్తగానే చాలామందికి 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్‌షాను ఓడించిన యుద్ధమే గుర్తుకు వస్తుంది. ఈ సరిహద్దు సీమ చరిత్రను యుద్ధాల వరుసగా చదవడం మనకు అలవాటైపోయింది గాని, నాకు మాత్రం ఇక్కడ ఎవరు గెలిచారన్న దానికంటే ఎవరు వచ్చి స్థిరపడ్డారన్నదే ఎక్కువ ఆసక్తికరంగా తోస్తుంది.

తెలుగువారి ఆనవాళ్లు ఇక్కడ పాతవే. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో, 1294లో, రాయచూరు కోట గోడ కట్టించిన సంగతిని చెప్పే తెలుగు శాసనం ఆ గోడలోనే 40 అడుగులకు మించిన ఒక్క రాతిపలకపై ఉంది. అంతటి రాతిని బండిపై వేసి పశువులచేత లాగించిన దృశ్యాన్ని కూడా దగ్గరలోనే చెక్కారు. రాజుల ప్రశస్తికంటే ఆ బండి బొమ్మే ఆనాటి శ్రమను బాగా చెబుతుంది.

తరువాతి కాలంలో బహమనీలు, విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు, మొగలులు, నిజాములు ఒకరి వెనుక ఒకరు ఏలినా, నది ఒడ్డున విజయనగర కాలపు కాలువలు తడిపిన కొద్దిపాటి నేల తప్ప మిగిలినదంతా వానను నమ్ముకొని జొన్న, పత్తి పండించే నల్లరేగడిగానే మిగిలిపోయింది.

ఆ స్థితిని మార్చింది తుంగభద్ర ఆనకట్ట. హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వాల ఒప్పందంతో 1945లో మొదలై 1953 నాటికి నీరందించిన ఈ ప్రాజెక్టు ఎడమ కాలువ వెంట, గోదావరి, కృష్ణా డెల్టాల రైతులు గంగావతి, సింధనూరు ప్రాంతాలకు తరలివచ్చారు. సొంత ఊళ్లో ఖరీదైన మాగాణిని అమ్మితే ఇక్కడ దానికి కొన్ని రెట్ల మెట్ట భూమి దొరికేది. ముందు వచ్చినవారు తమ బంధువులను పిలిపించుకున్నారు. పాత ఊళ్లలో కలవకుండా పొలాల దగ్గరే క్యాంపులు వేసుకున్నారు, అవి ఈనాటికీ క్యాంపులుగానే పిలవబడుతున్నాయి. ఎగుడుదిగుడు రేగడిని చదును చేసి, గట్లు వేసి, మడులు కట్టి వరి నాటడానికి కావలసిన పెట్టుబడి, అనుభవం వారికి ఉన్నాయి, భూమి అమ్మిన స్థానిక రైతుల్లో చాలామందికి లేవు.

వారి కష్టాన్ని తక్కువ చేయలేము గాని, కథను అక్కడితో ఆపితే సగమే చెప్పినట్లు. ఈ కాలువను ప్రధానంగా జొన్న, పత్తి, వేరుశనగ వంటి ఆరుతడి పంటల కోసం, తక్కువ నీటిని ఎక్కువ పొలాలకు పంచే లెక్కతో రూపొందించారు. ఎగువ భాగంలో అనుమతించిన దానికి మించి వరి సాగైన కొద్దీ దిగువకు చేరే నీరు తగ్గింది. సింధనూరు ప్రాంతం సోనామసూరి బియ్యానికి పేరు తెచ్చుకుంటూ ఉండగా, కాలువ చివరనున్న మాన్వి, రాయచూరు వైపు రైతుల్లో అనేకులు ఆయకట్టు పటంలో తమ పొలాలు ఉన్నప్పటికీ నీటి కోసం ఏటా ఆందోళనకు దిగవలసి వచ్చింది.