జెన్ బ్రేక్ పెడల్ మెల్లగా దిగిపోతోంది: మూడు వారాల పని

నాన్న 1998లో కొన్న మారుతి జెన్ ఇది, కార్బ్యురేటర్ బండి, ఇప్పుడు నా దగ్గరుంది. నెల క్రితం తార్నాక సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద మామూలుగా కాలు పెట్టి ఆగి ఉన్నాను, పెడల్ మెల్లగా కిందికి జారడం మొదలైంది. బండి కదల్లేదు, కానీ గ్రీన్ పడేలోపు పెడల్ నేలకి రెండు వేళ్ల ఎత్తులోకి వచ్చేసింది. కాలు తీసి మళ్లీ తొక్కితే పైనే దొరికింది. నాచారం దాకా హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి పెట్టుకునే, నిదానంగా ఇంటికి చేరాను. అప్పటినుంచి సంగతి తేలేదాకా బండిని సెల్లార్ దాటించలేదు.

తెలిసిన మెకానిక్‌ని ఇంటికి పిలిస్తే పెడల్ ఒక్కసారి తొక్కి, "గాలి పట్టింది అన్నా, ఎయిర్ తీసేస్తే అయిపోతుంది" అన్నాడు. నాలుగు చక్రాల దగ్గరా బ్రేక్ ఆయిల్ పైపుల్లో చేరిన గాలిని బయటికి తీశాడు, పెడల్ కొంచెం గట్టిపడింది, మరుసటి రోజు చూస్తే మళ్లీ అదే జారుడు. ఇక నేనే మొదలుపెట్టాను, ఎందుకంటే పెడల్ "మెత్తగా ఉంది" అని ఒకే మాటలో చెప్పేవి నిజానికి వేర్వేరు జబ్బులు.

బ్రేక్ ఆయిల్‌లో గాలి ఉంటే పెడల్ స్పాంజిలా ఉంటుంది, రెండు మూడుసార్లు గబగబా కొడితే పైకి లేస్తుంది, గట్టిపడుతుంది, తొక్కి పట్టుకుంటే అక్కడే నిలబడుతుంది. వెనక చక్రాల్లో డ్రమ్‌కి లోపలి నుంచి ఆని బండిని ఆపే బ్రేక్ షూలకీ, ఆ డ్రమ్‌కీ మధ్య సందు ఎక్కువైతే పెడల్ చాలా కిందికి వెళ్లాకే పట్టుకుంటుంది కానీ పట్టుకున్నాక గట్టిగానే ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ లాగి తొక్కితే పెడల్ పైకొచ్చిందంటే అనుమానం అక్కడే. పట్టుకుని ఉండగానే దిగిపోతూ ఉంటే మాత్రం బ్రేక్ ఆయిల్ ఎక్కడికో పోతున్నట్టు. బయటికి కారుతుంటే ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతుంది. మట్టం తగ్గకుండా పెడల్ దిగుతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు తోసే పంపు) లోపలి రబ్బరు వాషర్లని దాటి ఆయిల్ వెనక్కి జారుతోందని అర్థం. ఇంకొకటి, ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొంచెం కిందికి దిగుతుంది. అది బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో మన కాలి బలాన్ని పెంచే భాగం) పనిచేస్తోందనడానికి గుర్తు, దాన్ని చూసి భయపడక్కర్లేదు.

మొదటి శనివారం. ఆయిల్ డబ్బా మీద మట్టం దగ్గర టేప్ అంటించాను. ఇంజిన్ ఆపి, బూస్టర్‌లో వాక్యూమ్ పోయేదాకా తొక్కి, పిల్లల స్కేలు నేల మీద నిలబెట్టి పెడల్ ఎత్తు రాసుకున్నాను. బావమరిది కూర్చుని తొక్కాడు, నేను ఫోన్‌లో టైమ్ చూశాను. 40 సెకన్లలో 11 సెంటీమీటర్ల నుంచి 6కి వచ్చింది. నాలుగోసారి వాడే గమనించి చెప్పాడు, "బావా, గట్టిగా తొక్కితే నిలబడుతోంది, మెల్లగా పట్టుకుంటేనే జారుతోంది." చాలా పనికొచ్చిన మాట. గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి వాషర్ అంచు విచ్చుకుని సిలిండర్ గోడకి అతుక్కుంటుంది, తేలిగ్గా తొక్కితే అరిగిన అంచు సరిగా ఆనదు. సిగ్నల్ దగ్గర మనం తొక్కేది తేలిగ్గానే కదా.

అయినా మాస్టర్ సిలిండర్ మీదికి వెంటనే వెళ్లలేదు, ఎందుకంటే మంగళవారానికి టేప్ కంటే మట్టం ఒక గీత కిందికి వచ్చింది. అంటే బయట కూడా ఎక్కడో కారుతోంది. చక్రాలు ఒక్కొక్కటే జాకీ మీద లేపి, స్టాండ్లు పెట్టి చూశాను (ఒట్టి జాకీ మీద బండి కింద చెయ్యి పెట్టకండి). వెనక కుడి డ్రమ్ తుప్పుకి బిగుసుకుపోయింది. డ్రమ్ ముఖం మీద రెండు మర రంధ్రాలు ఉంటాయి, వాటిలో 8 ఎంఎం బోల్టులు రెండు వేసి ఒకదాని తర్వాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగిస్తే టక్ మని ఊడొచ్చింది. వీల్ సిలిండర్ (ఆయిల్ ఒత్తిడితో షూలని డ్రమ్ మీదికి నెట్టేది) రబ్బరు టోపీ అంచుని స్క్రూడ్రైవర్‌తో కొంచెం ఎత్తగానే గోధుమరంగు ఆయిల్ చుక్క ఒకటి వేలు మీద పడింది. లోపలంతా తడి. షూ మీది లైనింగ్ (డ్రమ్‌కి రాసుకునే పొర) కూడా తడిసింది, తడిసిన షూని పెట్రోల్‌తో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను, రెండు వైపులా షూలు, వీల్ సిలిండర్లు కొత్తవి వేశాను. సామాను పుత్లీబౌలిలో దొరికింది, పాతది చేతిలో పట్టుకెళ్తే పని తొందరగా అయింది.

ఎయిర్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త. పాత మాస్టర్ సిలిండర్ ఉన్న బండిలో పెడల్‌ని నేలకి ఆనేదాకా కొట్టకూడదు. రోజూ పిస్టన్ తిరిగే చోటు నున్నగా ఉంటుంది, ఎప్పుడూ వెళ్లని లోపలి చోట తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి, అక్కడిదాకా తోస్తే వాషర్లు చీరుకుపోతాయి. ఆ మెకానిక్ కొట్టిన కొట్టుడుకి అదే జరిగిందేమో అని నా అనుమానం. నేను పెడల్ కింద చెక్క ముక్క పెట్టి తీశాను.

ఇదంతా అయ్యాక పెడల్ పైకి వచ్చింది, స్పాంజితనం పోయింది, మట్టం టేప్ దగ్గరే నిలిచింది. జారుడు మాత్రం పోలేదు, 40 సెకన్లలో 3 సెంటీమీటర్లు.

రెండో వారం. మాస్టర్ సిలిండర్‌దా, పైపులదా అని ఊహతో కాకుండా తేల్చుకోవాలి. పాత బ్రేక్ పైపు ముక్కలు నట్లతో సహా తీసుకుని, చివరలు నలగ్గొట్టి, వెల్డింగ్ షాపులో బ్రేజింగ్ చేయించి (ఇత్తడి కరిగించి) మూయించాను. మాస్టర్ సిలిండర్ నుంచి బయటికి వెళ్లే పైపులు విప్పి వాటి చోట ఈ మూసిన ముక్కలు బిగించి, అక్కడే గాలి తీసి, మళ్లీ స్కేలు పెట్టాం. ఇప్పుడు ఆయిల్ వెళ్లడానికి దారే లేదు, సిలిండర్ బాగుంటే పెడల్ రాయిలా ఉండాలి. అయినా జారింది. ఆ సాయంత్రం ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను, జబ్బు ఒక్కచోటికి వచ్చేసింది.

మూడో వారం. సిలిండర్ బూస్టర్ నుంచి విప్పి ముందుకు లాగి వెనక చూశాను, పొడిగా ఉంది. కొన్ని బండ్లలో ఆయిల్ వెనక వాషర్ నుంచి బూస్టర్‌లోకి పోతుంది, కింద ఒక్క చుక్క కనపడదు, అందుకే ఇది చూడాలి. విప్పి టార్చి వేస్తే గోడ మీద గోరుకి తగిలేంత గుంటలు. గోడ నున్నగా ఉంటే రబ్బరు వాషర్ల కిట్ సరిపోయేది, ఈ గుంటల మీద కొత్త వాషర్లు ఎన్నాళ్లో నిలవవు, అందుకే పూర్తి అసెంబ్లీ కొన్నాను. దాన్ని వైస్‌లో బిగించి, చిన్న గొట్టాలు మళ్లీ డబ్బాలోకే ముంచి, పిస్టన్‌ని మెల్లగా తోస్తూ బుడగలు ఆగేదాకా బయటే గాలి తీశాను. ఇది చేయకుండా బిగిస్తే తర్వాత గంటలు పడుతుంది.

ఆయిల్ డబ్బా మూత మీద రాసినట్టే డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్, సీలు విప్పని సీసా. ఇది గాలిలో తేమని పీల్చుకుంటుంది. కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ చేరాక అది 140కి పడిపోతుంది. ఈ వానల్లో సగం వాడి దాచిన సీసా జోలికి పోను. ఫెండర్ మీద రెండు చుక్కలు పడ్డాయి, వెంటనే నీళ్లు కొట్టాను, లేకపోతే పెయింట్ లేచిపోతుంది.

ఆదివారం పొద్దున బావమరిది తొక్కి పట్టుకున్నాడు, మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి. 60 సెకన్లు. స్కేలు మీద 12 దగ్గరే. కాలనీ గల్లీలో 20 స్పీడులో పదిసార్లు ఆపి చూశాక, మెయిన్ రోడ్డెక్కి తార్నాక దాకా వెళ్లొచ్చాను. ముందు చక్రాల రబ్బరు హోస్‌లు వంచితే సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి, అవి వచ్చే శనివారం మారుస్తాను. డబ్బా మీద టేప్ అప్పటిదాకా తీయను.