రెడ్ వైన్ టేస్టింగ్ పరీక్ష: నా అనుభవం

రిజల్ట్ నిన్న సాయంత్రం వచ్చింది, పాసయ్యాను. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

పరీక్ష బంజారాహిల్స్‌లో ఓ హోటల్ బాంక్వెట్ హాల్లో. ఫారం, ఫీజు, ఐడీ కార్డు, అన్నీ ఇట్టే అయిపోయాయి. థియరీ పేపర్ పుస్తకం తిరగేసినవాడెవడైనా రాసేస్తాడు. గొడవంతా టేస్టింగ్‌లోనే.

మే నెల. ఏసీ పేరుకే ఉంది. ఏ వైనో తెలియకుండా బాటిల్‌కి నల్ల సంచి తొడిగి పొద్దుటి నుంచీ టేబుల్ మీదే ఉంచారు. గ్లాసు ముక్కు దగ్గర పెడితే స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. రెడ్ వైన్‌ని రూమ్ టెంపరేచర్‌లో తాగాలన్న మాట పుట్టింది చలి పట్టిన పాత యూరప్ ఇళ్లలో. అంటే 16 నుంచి 18 డిగ్రీలు. మన మే నెల గది కాదు. వేడెక్కితే ఆల్కహాల్ ముందుకు తోసుకొచ్చి పండు వాసన వెనక్కి పోతుంది. ఈ ముక్క వాళ్లిచ్చిన పుస్తకంలోనే ఉంది!

"సార్, ఓ పది నిమిషాలు ఐస్‌లో పెడదామా?" అన్నాను.

"ఏం బాబూ, బీరనుకున్నావా?" మైకులోనే అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. హాలంతా ఘొల్లుమంది. నా పక్కనున్న హోటల్ మేనేజరైతే పెన్ను జారవిడుచుకుని మరీ నవ్వాడు. నలభై దాటినవాణ్ణి, నలుగురిలో ఆ "బాబూ" ఏంటి? ఈ ఇన్‌స్ట్రక్టర్లలో సగంమందికి సూటే అర్హత.

సర్వీసు కుర్రాణ్ణి పిలిచి, "తమ్ముడూ, సలాడ్ గిన్నెలో కాస్త ఐస్ తెస్తావా? నీళ్లు కూడా పోసి" అన్నాను. ఉత్త ఐస్ కన్నా నీళ్లు కలిపిన ఐస్‌లో త్వరగా చల్లబడుతుంది. గ్లాసు కాడ పట్టుకుని అందులో ఆనించి కూర్చున్నా, ఎవడు చూస్తే నాకేం అని.

గ్లాసుకి చెమట పట్టాక వాసన చూస్తే ముందు ఎండిన గులాబీ రేకులు, వెనకాల చెర్రీ, అడుగున కొత్త రోడ్డు తారు! రంగు పలచన, అంచు ఇటుక రంగు. నోట్లో పోసుకోగానే పచ్చి అరటికాయ కొరికినట్టు చిగుళ్లు వగరుతో బిగుసుకుపోయాయి. వెనకే నోరూరించే పులుపు. ఉమ్మేశాక కూడా రుచి చాలాసేపు పోలేదు. వైన్ ఏళ్ల తరబడి నిలవాలంటే వగరు, పులుపుతో పాటు పండు రుచి కూడా దిట్టంగా ఉండాలి. లేకపోతే పండు ముందే వాడిపోయి ఉత్త వగరు మిగులుతుంది. ఇందులో మూడూ ఉన్నాయి. "నాణ్యత అత్యుత్తమం, ఇప్పుడూ తాగొచ్చు, ఇంకా దాచొచ్చు" అని రాశాను. పక్కన నెబ్బియోలో ద్రాక్ష అని కూడా చేర్చాను.

సంచి తీస్తే నెబ్బియోలోతోనే చేసే బరోలో వైన్, 2016 పంట. ఇటలీ పీడ్‌మాంట్‌లో లాంగే కొండలది. నెబ్బియోలో ఆలస్యంగా పండే రకం, అక్టోబర్ దాకా ఆగాలి. అందుకే దక్షిణం వైపు వాలుల్లో, ఎండ బాగా తగిలేచోట నాటుతారు. కోత తర్వాత కనీసం 38 నెలలు, అందులో 18 చెక్క పీపాల్లో ఉంచాకే అమ్మాలని అక్కడి రూలు. పలచన రంగు చూసి మేనేజరు పినో న్వార్ అని, అదీ పలచన రంగు వైన్ ఇచ్చే ద్రాక్షే, రాశాడట. ఆయన నవ్వు మళ్లీ వినబడలేదు.

వెళ్లేవాళ్లు సెంటు కొట్టుకోకండి. ప్రాక్టీసుకి షోకేసులో లైటు కింద నిలబెట్టిన ఖరీదైన బాటిల్ కొనకండి, ఆ వేడికి అది ఎప్పుడో పోయుంటుంది.

సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది. సరిచేయడానికి మళ్లీ ఫీజు కట్టమంటున్నారు. కట్టను.