తిత్లీ మొద్దు, నా నడుము

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో ఐదు కొబ్బరిచెట్లు పడిపోయాయి. నాలుగింటిని కోయించి తీసేశారు. ఐదోదాని మొద్దు గోడవార అలాగే ఉండిపోయింది. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటల ప్రాంతమైన మా ఉద్దానంలో ఇలాంటివి ఎన్ని పెరళ్లలో ఉన్నాయో!

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే చిన్నాన్న కొత్తగా వేసిన కొబ్బరిమొక్కలు చూపించాడు. కొత్తాకులు కత్తెరతో కోసినట్టున్నాయి. "కొమ్ముపురుగు, బాబూ. ఆ కుళ్లిన మొద్దులోనే దాని కాపురం" అన్నాడు. మనిషిని పెట్టి తీయిద్దామంటే వద్దన్నాను. నాకు నలభై ఏడేళ్లు. వైజాగ్‌లో కుర్చీలోంచి లేవని ఉద్యోగం. ఏడాదికోసారి పార పట్టుకుంటే అదేదో వ్యాయామం అనుకునే రకం.

భోగి ముందురోజు ఉదయం ఏడింటికి మొదలుపెట్టి పదకొండు వరకూ ఆగలేదు. మధ్యలో మంచినీళ్లు కూడా తాగలేదు. గొడ్డలితో కొడితే పైన కుళ్లిన భాగం పొడిపొడిగా రాలింది, అడుగున మాత్రం రాయిలా ఉంది. ఓ పెద్ద ముక్క ఊడొచ్చింది. సుమారు ముప్పై కిలోలుంటుంది. మోకాళ్లు వంచకుండా నడుం దగ్గరే వంగి దాన్ని ఎత్తాను, పాదాలు కదపకుండా పక్కకి తిరిగి విసరబోయాను. నడుం కలుక్కుమంది. ముక్క అక్కడే పడింది, దాని పక్కనే నేనూ.

మందులషాపులో రెండు నొప్పిమాత్రల స్ట్రిప్పులు ఇచ్చారు. మా అమ్మ వాటిని చూసి చేతిలోంచి లాక్కుంది. కిడ్నీ జబ్బులెక్కువైన మా వైపు, కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష క్రియాటినిన్ అన్న మాట చదువు రాని వాళ్లకీ తెలుసు. ప్రతి వీధిలో డయాలసిస్‌కి వెళ్లే మనిషి ఉంటే తెలియక ఏం చేస్తుంది? డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. చెమటపట్టి ఒంట్లో నీరు తగ్గినప్పుడు వేసుకుంటే ముప్పు ఇంకా ఎక్కువ. నేనేమో నాలుగు గంటలు ఎండలో నీళ్లు ముట్టకుండా పనిచేసి, నేరుగా ఆ మాత్రలకే చెయ్యి చాపాను.

డాక్టరు దగ్గరికెళ్తే ముందు అడిగినవి వేరే. కాలు తిమ్మిరెక్కిందా, పాదం బలహీనంగా ఉందా, మూత్రం విషయంలో తేడా ఉందా అని. అవేవీ లేవన్నాక, కండరం పట్టేసింది, ఇప్పుడు ఎక్స్‌రే అక్కర్లేదన్నారు. పారాసెటమాల్, వేడి కాపడం రాసి, మంచం మీద పడుకోవద్దు, ఇంట్లోనే అటూ ఇటూ నడవమన్నారు. ఇరుగుపొరుగు మాత్రం నెల్లాళ్లు నేలమీద కదలకుండా పడుకోమన్నారు. ఎవరి మాట వినాలో తేలక ఒకరోజు పడుకున్నాను. మర్నాటికి ఇంకా బిగుసుకుపోయింది. నడవడం మొదలుపెట్టాకే తేలికైంది. మూడు వారాలకు మామూలయ్యాను. తర్వాత రోజూ పదినిమిషాలు రెండు వ్యాయామాలు: వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిర్రలు లేపడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఒక చెయ్యి, దానికి ఎదురు కాలు చాపడం. మా అబ్బాయి నవ్వేవాడు.

మార్చిలో మళ్లీ వెళ్లాను. ఈసారి పెత్తనం చిన్నాన్నది. ఆయనకి డెబ్బై దాటాయి. "ఏటి బాబూ, ఒక్క పూటలో అయిపోద్దా ఇది?" అని, ముందు నన్ను తోట చుట్టూ రెండుసార్లు నడిపించాడు. ఒళ్లు వేడెక్కాకే పార ఇచ్చాడు, అది కూడా పొడుగు కర్ర వేసింది. పొట్టి కర్రయితే పనంతా నడుమే చేస్తుంది. ఆకుల కుప్పలో చెయ్యి పెట్టబోతే కసిరి, కర్రతో కదిపి చూపించాడు, పాముంటే పోతుందని.

ఆయన బరువెత్తడం దగ్గర నిలబడి చూశాను. ముక్కకి రెండుపక్కలా పాదాలు పెట్టి గొంతుకూర్చున్నాడు. దాన్ని పొట్టకి ఆనించుకున్నాడు, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు. ఊపిరి వదులుతూ తొడల బలంతో లేచాడు. తిరగాల్సినప్పుడు నడుం తిప్పలేదు, చిన్న చిన్న అడుగులేస్తూ ఒళ్లంతా తిరిగాడు. నాకు బరువుగా ఉన్నవాటిని ఎత్తనివ్వలేదు. గోనెసంచి మీదికి దొర్లించి, సంచి పట్టుకుని లాగించాడు.

గడియారం చూసి ఇరవై నిమిషాలకోసారి పని మార్చేవాడు. గునపం తర్వాత ఆకులు ఊడ్వడం, తర్వాత కత్తితో వేళ్లు నరకడం. ఒకే చోట ఒత్తిడి పడదు. మధ్యలో చెంబెడు చోడంబలి, అంటే రాగిజావ, ఉప్పేసి. రోజూ ఉదయం తొమ్మిదయితే బంద్. ఇంకొంచెమే కదా అంటే, "ఆ కొంచెమే నడుం ఇరిచేది" అని పార లాక్కునేవాడు. ఒప్పుకోవడానికి కష్టంగానే ఉంది, మూడోరోజు నాకంటే ఆయనే ఎక్కువ పనిచేశాడు.

ఆరోరోజు అడుగు మొద్దు కదిలింది. దాన్ని దొర్లించగానే కింద పొట్టులో బొటనవేలంత తెల్లటి పురుగులు ముడుచుకుని కనపడ్డాయి. నేను లెక్కపెడుతున్నాను. ఇరవై మూడు దాకా వచ్చేసరికి కోళ్లు వచ్చేశాయి.